ఆ ఫోటోలో అమ్మ కదిలింది!

అటక మీద ట్రంకుపెట్టె దించేసరికి ఇల్లంతా దుమ్ము. ఇల్లు అమ్మేశారు. నెలాఖరుకల్లా ఖాళీ చేసి తాళాలు ఇచ్చేయాలి. ఇత్తడి గుండిగలు, పందిరిమంచం, భోషాణం... ఏది ఎవరికన్నది అన్నదమ్ములు ముందే మాట్లాడుకున్నారు. గోడల మీది ఫోటోల గురించే ఎవరూ మాట్లాడుకోలేదు.

'వీటినేం చేద్దాం అత్తయ్యా? సగం మంది ఎవరో మాకెవరికీ తెలీదు. పాత దేవుడి పటాలతోపాటు కృష్ణలో కలిపేద్దామా?' అంది పెద్దకోడలు.

ఎనభై ఐదేళ్లు దాటిన ఆ పెద్దావిడ పడక్కుర్చీలోంచి తలెత్తి చూసింది. అన్నిటినీ వదిలేసి ఓ మూలనున్న నల్ల చెక్క ఫ్రేమును చూపించింది.

'మిగతావి మీ ఇష్టం. అదొక్కటీ ఇటివ్వండి.'

ఇచ్చారు. ఒళ్లో పెట్టుకుని పమిట చెంగుతో అద్దం తుడిచింది. పద్నాలుగు మంది ఉన్న గ్రూప్ ఫోటో అది. ఆవిడ పుట్టింటివాళ్లు. వెనక వరసలో మగవాళ్లు నిలబడి ఉన్నారు. మధ్యలో కుర్చీల్లో తాతలు. ముందు చాప మీద ఆడవాళ్లు, పిల్లలు. పదమూడు మంది మొహాలు చక్కగా కనిపిస్తున్నాయి. చాప మీద కూర్చున్న ఒకావిడ మొహం మాత్రం పొగమంచులో ఉన్నట్లు చెదిరిపోయింది. కళ్లెక్కడున్నాయో, ముక్కెక్కడుందో తెలీదు.

'ఎవరు బామ్మా ఈవిడ?' అడిగాడు మనవడు.

'మా అమ్మరా.'

'ఇంకో ఫోటో లేదా?'

'లేదు. ఇదే మొదటిది, ఇదే చివరిది. మరుసటేడు పురుట్లో పోయింది.'

కాసేపాగి మళ్లీ అంది. 'నావల్లే అలా అయింది. చీమ కుట్టిందని నేను కాలు విదిలించాను. నన్ను చూద్దామని అమ్మ తల తిప్పింది. కదలకుండా కూర్చుని ఉంటే మీకందరికీ మా అమ్మ మొహం ఉండేది. మా పిన్ని ఓసారి ఆ మాట అననే అంది.'

ఎనిమిది పదులుగా ఆవిడ మోస్తున్న బరువు అది. కొడుకులకు తెలీదు. కోడళ్లకు తెలీదు. ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో బయటపడింది.

కదిలితే అంతే!

మనవడు ఆ ఫోటోను తనతో పట్టుకెళ్లాడు. వెనక అట్టకు కొట్టిన చిన్న మేకులు తుప్పు పట్టాయి. వాటిని జాగ్రత్తగా తీసి ఫోటోను బయటికి లాగితే, వెనకవైపు పెన్సిలుతో రాసిన అక్షరాలు కనిపించాయి. 'సంక్రాంతి, 1946'.

ఇప్పుడు ఫోను తీసి నొక్కితే సెకనులో వందోవంతులో ఫోటో వచ్చేస్తుంది. ఎగిరే పిట్ట కూడా నిలిచిపోతుంది. అప్పుడు అలా కాదు. 1839లో ఫ్రాన్సులో డాగురే తన పద్ధతిని లోకానికి చూపించినప్పుడు, మనిషి బొమ్మ రావాలంటే నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది. మెడ కదలకుండా కుర్చీ వెనక ఇనుప ఊతం పెట్టేవారు. తర్వాత మందు పూసిన గాజుపలకలు, ఫిల్ములు వచ్చి ఆ సమయం బాగా తగ్గింది. అయినా ఊళ్లకు వచ్చే ఫోటోగ్రాఫర్లు చాలాకాలం పాత చెక్క కెమెరాలే వాడారు. మూడుకాళ్ల స్టాండు, తల మీద నల్లగుడ్డ. కటకం మీద మూత తీసి, మనసులో అంకెలు లెక్కపెట్టి, మళ్లీ మూత పెట్టేయడమే. ఇంటి వాకిట్లో నీడపట్టున తీసే గ్రూప్ ఫోటోకి ఒకటి రెండు సెకన్లయినా పట్టేది. ఆ కాస్త వ్యవధిలో ఎవరు కదిలినా బొమ్మ చెదిరిపోయేది.

పాత ఫోటోల్లో మన పెద్దవాళ్లు ఎందుకంత సీరియస్‌గా ఉంటారన్న దానికి సగం జవాబు ఇక్కడే ఉంది. నవ్వును అంతసేపు నిలపడం కష్టం. మిగతా సగం... ఫోటో అంటే సరదా కాదు. అదొక తంతు. తలంటి పోసుకుని, పెట్టెలోని పట్టుచీర కట్టుకుని, ఉన్న నగలన్నీ పెట్టుకుని కూర్చునేవారు. బతుకులో ఒకటి రెండుసార్లు మాత్రమే వచ్చే ఆ అవకాశంలో ఇకిలిస్తూ కనిపించాలని ఎవరనుకుంటారు? పైగా ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని భయపడేవాళ్లు కూడా ఉండేవారు.

కంట్రోలు గుడ్డ చొక్కాలు

మనవడు ఫోటోను స్కానరు మీద పెట్టి పెద్దది చేశాడు. గోడ మీద ఉన్నప్పుడు ఎవరికీ కనపడనివన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆదివారంనాడు బామ్మ పక్కన కూర్చుని కంప్యూటర్లో చూపించడం మొదలుపెట్టాడు.

ముగ్గురు మగపిల్లలవీ ఒకే చారల చొక్కాలు. 'కవలలా బామ్మా?' అంటే పకపకా నవ్వింది. 'కవలలేంట్రా! కంట్రోలు గుడ్డ. యుద్ధం రోజుల్లో బట్ట దొరికేది కాదు. కార్డుకి ఇచ్చిన తాను ముక్కతోనే అందరికీ కుట్టించాడు మా నాన్న.' రెండో ప్రపంచయుద్ధం అంటే హిట్లరు, హిరోషిమా అని చదువుకున్న కుర్రాడికి, అది కృష్ణా జిల్లాలోని ఒక ఇంట్లో పిల్లల చొక్కాల దాకా వచ్చిందని అప్పుడే తెలిసింది.

ఒక చివర స్తంభానికి లాంతరు వేలాడుతోంది. అంటే ఊళ్లోకి ఇంకా కరెంటు రాలేదు. మరోవైపు సైకిలు. దాన్ని కూడా ఇంటి మనిషిలాగే మధ్యకు తెచ్చి నిలబెట్టారు. చిన్న బాబాయి నెత్తిన గాంధీ టోపీ ఉంటే, పెదనాన్న మెడ దాకా గుండీలున్న కోటు తొడుక్కున్నాడు. 'వాళ్లిద్దరికీ పడేది కాదు. ఒకాయన కాంగ్రెసు, ఒకాయన సర్కారు నౌకరీ. పండక్కి మాత్రం ఒకే పంక్తిలో తినేవాళ్లు' అందావిడ.

వెనక తలుపు సందులో సగం మొహం కనిపిస్తోంది. ఎవరో తొంగి చూస్తున్నారు. బామ్మ కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది. 'మా మేనత్త! పదమూడో ఏటే మొగుడు పోయాడు. శుభమా అని ఫోటో తీయించుకుంటుంటే ఎదురు రాకూడదని లోపలే ఉండమన్నారు. అయితే చూస్తూనే ఉందన్నమాట!'

ఫ్రేములో ఇన్నేళ్లూ పద్నాలుగు మందే అనుకున్నారు. పదిహేనో మనిషి కనిపించింది.

అట్ట కింద దాగిన మనిషి

పదహారో మనిషి కూడా ఉన్నాడు. పటం కట్టినవాడు అందం కోసం నాలుగువైపులా అట్ట అంచు పెట్టాడు. అది తీసేస్తే ఫోటో ఇంకో వేలెడు బయటికొచ్చింది. అందరి వెనకా తెల్ల దుప్పటి తెరలా కట్టి ఉంది. దాని ఒక కొస గోడ మేకుకి తగిలించారు. రెండో కొసను ఒకతను చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఒంటి మీద చొక్కా లేదు, మోకాళ్ల పైకి పంచె. ఆ మనిషి అస్సలు కదల్లేదు. పదహారు మందిలో అందరికంటే స్పష్టంగా వచ్చిన మొహం అతనిదే.

బామ్మ వెంటనే పేరు చెప్పింది. ఆ ఇంటి పాలేరు. తనను భుజాన ఎక్కించుకుని చెరువు దాకా తీసుకెళ్లిన మనిషి. ఆ ఊళ్లోనే అతని మనవడు ఉంటున్నాడని వాకబు చేస్తే తెలిసింది. కుర్రాడు ఫోటోను పెద్దది చేయించి తీసుకెళ్లి ఇచ్చాడు. ఆ మనవడికి అరవై ఏళ్లు. తాతను ఎప్పుడూ చూడలేదు. ఫోటోను రెండు చేతుల్తో పట్టుకుని, 'మా నాన్న కూడా అచ్చం ఇలాగే ఉండేవాడు' అన్నాడు. నాన్న ఫోటో చూపించమంటే లోపల్నించి ఓటరు కార్డు తెచ్చాడు. దాన్నే పెద్దది చేయించి, దండ వేశారు.

చాలా ఇళ్లలో కథ ఇదే. గోడ నిండా ఫోటోలున్న ఇళ్లు ఒకవైపు, రేషన్ కార్డు కోసమో, ఓటరు గుర్తింపు కార్డు కోసమో కెమెరా ముందు మొదటిసారి కూర్చున్న కుటుంబాలు మరోవైపు. ఫోటోతో ఓటరు కార్డు ఇవ్వాలని ఎన్నికల సంఘం నిర్ణయించింది 1993లో. పనుల మధ్య, ఎండలో క్యూలో నిలబడి, చెదిరిన జుట్టుతో తీయించుకున్న ఆ బొమ్మే ఎందరికో మిగిలిన ఏకైక జ్ఞాపకం.

కెమెరా వెనక ఎవరు?

ఫోటో అబద్ధం చెప్పదంటారు. కానీ ఎవరిని నిలబెట్టాలి, ఎవరిని అట్ట కింద దాచాలి అన్నది మనుషులే నిర్ణయిస్తారు.

1876-78 మధ్య దక్షిణాదిని ఓ మహా కరువు ఊపేసింది. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు ప్రాంతాలు అల్లాడిపోయాయి. పెద్దవాళ్లు దాన్నే ధాత కరువు అనేవారు. యాభై లక్షలకు పైగా ప్రాణాలు పోయాయని అంచనా. అప్పట్లో మద్రాసు సైన్యంలోని హూపర్ అనే ఆంగ్లేయ అధికారి ఫోటోలు తీశాడు. ఎముకల గూళ్లలాంటి మనుషులు, ఒళ్లో పిల్లలతో వరసగా కూర్చుని ఉంటారు... అచ్చం ఇంటి గ్రూప్ ఫోటోలో కూర్చున్నట్లే! నిలబడే ఓపిక లేనివాళ్లను అలా సర్ది కూర్చోబెట్టి తీశాడని తర్వాత ఎంతోమంది తప్పుబట్టారు. అది నిజమే. ఆ ఫోటోలు లేకపోతే ఆ కరువు ఎలా ఉండేదో మనకు లెక్కల్లో తప్ప తెలిసేది కాదు. ఇదీ నిజమే.

మరో పదేళ్లకు హైదరాబాదులో వేరే ప్రపంచం. మీరట్ దగ్గరి సార్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగు చదివిన లాలా దీన్‌దయాళ్, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. నిజాం ఆయనకు 'రాజా' బిరుదు ఇచ్చాడు. రాజభవనాలు, వేటలు, విందులు, సైనిక కవాతులు... ఆ వైభవమంతా ఆయన గాజుపలకల మీదికెక్కింది. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో విడిగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. 1905లో ఆయన కన్నుమూశాడు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. 2006లో ఆయన పేరిట తపాలా బిళ్ల కూడా వచ్చింది.

1908 సెప్టెంబరు 28న మూసీ ఉగ్రరూపం దాల్చింది. దాదాపు 15,000 మంది కొట్టుకుపోయారని అంచనా. తెగిన వంతెనలు, కూలిన మిద్దెల ఫోటోలు మిగిలాయి. విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఎందుకు కట్టాల్సి వచ్చిందో ఆ ఫోటోలు చూస్తే వేరే పాఠం అక్కర్లేదు.

కొన్నిచోట్ల ఫోటోలు కూడా మిగల్లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. మనుషులతోపాటు వాళ్ల ఇళ్లు, పెట్టెలు, పటాలు అన్నీ పోయాయి. పోయినవాళ్ల మొహం ఎలా ఉండేదో పిల్లలకు చెప్పడానికి మాటలే మిగిలాయి.

స్టూడియోలో చార్మినార్

బామ్మ పెట్టెలో తర్వాతి కాలం ఫోటోలూ ఉన్నాయి. పెళ్లయిన కొత్తలో బెజవాడ స్టూడియోలో తీయించుకున్నది ఒకటి. ఆయన కుర్చీలో, ఈవిడ పక్కన నిలబడి. వెనక తెర మీద మేడ మెట్లు, పూలకుండీ. బల్ల మీద రేడియో. 'మనకి రేడియో ఉండేదా?' అంటే, 'ఎక్కడిదిరా! అది స్టూడియోవాడిది. అందరి ఫోటోల్లోనూ అదే రేడియో' అంది. మొహాల మీది మచ్చల్ని నెగెటివ్ మీద పెన్సిలుతో దిద్దేవారు. డబ్బున్నవాళ్లు నలుపు తెలుపు ఫోటోకి రంగులు వేయించుకునేవారు.

తిరుమల వెళ్లొచ్చిన ఫోటో లేని ఇల్లుంటుందా? గుళ్లు చేసుకున్న నెత్తులు, వెనక గుడి బొమ్మ ఉన్న తెర. తిరునాళ్లలో అయితే అట్టతో చేసిన విమానం, చందమామ, చార్మినార్. ఆగ్ఫా క్లిక్ కెమెరాలు, ఆ తర్వాత 1980ల్లో హాట్‌షాట్‌లు వచ్చాక ఫోటో ఇంట్లోకి వచ్చేసింది. ముప్ఫయ్యారు ఫోటోల రీలును పెళ్లికి సగం, బారసాలకు సగం వాడుకున్నవాళ్లు ఉన్నారు. ఆ తర్వాతివన్నీ రంగుల ఫోటోలు. 1970, 80ల నాటి ఆ రంగుల్లో చాలామటుకు ఎర్రబడి పోతుంటే, 1946 నాటి నలుపు తెలుపు ఫోటో మాత్రం ఇంకా గట్టిగానే ఉంది.

'ఎవరీ అమ్మాయి?'

కుర్రాడి స్నేహితుడొకడు ఉపాయం చెప్పాడు. ఇప్పుడు కృత్రిమ మేధతో ఎంత చెదిరిపోయిన మొహాన్నయినా బాగుచేయొచ్చు కదా! పది నిమిషాల్లో పంపించాడు. పెద్ద కళ్లు, చక్కని ముక్కు, పెదాల మీద చిన్న నవ్వు. నుదుటన కాసంత బొట్టు. ఇంట్లోవాళ్లంతా మురిసిపోయారు. బామ్మకు చూపించారు.

ఆవిడ ఫోను దగ్గరికి తీసుకుంది. దూరంగా పట్టుకుంది. మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది.

'బావుంది. ఎవరీ అమ్మాయి?'

ఎవరూ మాట్లాడలేదు. తప్పు కంప్యూటరుది కూడా కాదు. చెదిరిన చోట ఏముందో దానికెలా తెలుస్తుంది? వేలాది మొహాలు చూసి నేర్చుకున్నదాంతో, ఉండొచ్చనిపించిన మొహాన్ని గీసింది. ఆ మొహానికి, కంట్రోలు గుడ్డ కాలంలో సంక్రాంతినాడు చాప మీద కూర్చున్న మనిషికి సంబంధం లేదు. 'అది తీసెయ్ నాన్నా. నా తర్వాత మీరంతా అదే మా అమ్మ అనుకుంటారు' అంది.

కుర్రాడు తీసేశాడు. అసలు ఫోటోనే మళ్లీ తెర మీదికి తెచ్చాడు. మొహాన్ని వదిలేసి, కిందికి జరిపాడు. ముందు కూర్చున్న ఆరేళ్ల పిల్ల భుజం దగ్గర ఆపి పెద్దది చేశాడు.

భుజం మీద ఓ చెయ్యి. దాని అంచులు కత్తితో కోసినట్లున్నాయి. నాలుగు గాజులు, వాటి మధ్య సందులు, గోళ్లు, చీర అంచు మీది చిన్న గళ్లు... అన్నీ తెలుస్తున్నాయి. పిల్ల కాలు చెదిరింది. అమ్మ మొహం చెదిరింది. పిల్లను పట్టుకున్న చెయ్యి మాత్రం కదల్లేదు.

'చూడు బామ్మా. ఫోటోలో అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. మీ అమ్మ ఒక్కతే నీ వైపు తిరిగింది. నీవల్ల పోయిందంటావేంటి?'

ఆవిడ తెర మీది చేతిని వేలితో తడిమింది. తడిమినప్పుడల్లా బొమ్మ జరిగిపోతుంటే కుర్రాడు మళ్లీ మళ్లీ సరిచేశాడు. 'చిటికెనవేలు చూశావా... కొంచెం వంకర. మర్చేపోయాను' అంది. తన చేతిని తెర పక్కన పెట్టింది. ఆవిడ చిటికెనవేలూ అలాగే లోపలికి వంగి ఉంది.

పెన్సిలు చాలు

ఇల్లు ఖాళీ చేయడానికి ఇంకా నాలుగు రోజులుంది. ఆ నాలుగు సాయంత్రాలూ పెద్దకోడలే చాప వేసి, పెట్టెలోని ఫోటోలన్నీ పరిచింది. అత్తగారు చెబుతుంటే ఒక్కో ఫోటో వెనక పేర్లు, ఊరు, వరస రాసింది. పెన్నుతో రాయలేదు. సిరా కాలక్రమంలో ఇవతలికి దిగి ఫోటోను పాడుచేస్తుంది. మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా, అంచుల్లో రాస్తే చాలు. అద్దానికి అంటుకుపోయిన ఫోటోల్ని బలవంతంగా లాగకుండా అద్దంతోనే స్కాను చేయించారు. జిగురు పేజీల ఆల్బంలోంచి తీసినవాటిని మామూలు కాగితపు కవర్లలో పెట్టి, తేమ తగలని బీరువాలోకి చేర్చారు.

మొత్తం నలభై మూడు ఫోటోలు. ముప్ఫయ్యారింటికి పేర్లు దొరికాయి. మిగతా ఏడింట్లో ఉన్నవాళ్లెవరో బామ్మకూ గుర్తు రాలేదు. 'మా పెద్దాడపడుచు ఉంటే చెప్పేది. కిందటేడే పోయింది' అంది.

ఆ ఏడింటినీ కూడా కోడలు కృష్ణలో కలపలేదు. విడిగా ఓ కవరులో పెట్టింది. పైన పెన్సిలుతో రాసింది... 'మనవాళ్లే. పేర్లు కనుక్కోవాలి.'